ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్: వేళ్ల సైగలు తెలిస్తే సగం కంగారు తగ్గినట్టే

ఆ మధ్య ఒక నెల 20వ తేదీ, రాత్రి తొమ్మిది దాటింది. ఆపా ఫోన్ చేసింది. ఆపా అంటే మా ఖాలా కూతురు. ఇద్దరు పిల్లల్ని చూసుకుంటూ, ఇంట్లోనే ఉండి ఐదారు షాపుల లెక్కలు రాస్తుంది, వాళ్ల జీఎస్టీ రిటర్నులు వేస్తుంది. "అరే భాయ్, అన్నీ పోయాయి! ఎక్సెల్ లేదు, పోర్టల్ లేదు, స్క్రీన్ మొత్తం ఖాళీగా ఉంది" అంటోంది. గొంతులో ఏడుపొక్కటే తక్కువ.

నేను "ఆగు ఆపా" అనేలోపే పవర్ బటన్ నొక్కి పట్టుకుంది. ల్యాప్‌టాప్ ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేశాక ఎక్సెల్ తనంతట తాను దాచిపెట్టిన కాపీ ఒకటి దొరికింది గానీ, చివర్లో కొట్టిన నలభై బిల్లులు అందులో లేవు. పోర్టల్‌లో మళ్లీ లాగిన్, మళ్లీ అంకెలు. నెలనెలా వేసేవాళ్లకు జీఎస్టీఆర్-3బీకి 20వ తేదీయే గడువు. దాటితే పన్ను కట్టాల్సిన రిటర్నుకు రోజుకు 50 రూపాయలు లేట్ ఫీజు, దానిమీద వడ్డీ. అంతకంటే పెద్ద నష్టం, షాపు యజమానికి నమ్మకం పోతుంది. పదకొండున్నరకు ఎలాగో పని పూర్తయింది.

మర్నాడు వెళ్లి ల్యాప్‌టాప్ చూశాను. వైరస్ లేదు, హార్డ్ డిస్క్ బాగానే ఉంది. జరిగింది ఒకటే. పని హడావుడిలో మూడు వేళ్లు టచ్‌ప్యాడ్ మీద ఆనించి కిందికి లాగింది. విండోస్‌లో దానికి అర్థం "తెరిచినవన్నీ పక్కన పెట్టి డెస్క్‌టాప్ చూపించు" అని. అవే మూడు వేళ్లు పైకి జరిపి ఉంటే అన్నీ ఎక్కడివక్కడ తిరిగి వచ్చేవి. ఒక్క సెకను పని.

నవ్వే హక్కు నాకూ లేదు. బీకాం అయ్యాక మొదటి ఉద్యోగంలో చేరిన రోజు నాకు మౌస్ లేని ల్యాప్‌టాప్ ఇచ్చారు. "రైట్ క్లిక్ చెయ్" అన్నారు. కాలేజీ ల్యాబ్‌లో అన్నిటికీ మౌస్ ఉండేది. టచ్‌ప్యాడ్ మీద రైట్ క్లిక్ ఎక్కడుంటుందో తెలియక నల్ల పలకంతా నొక్కుతూ కూర్చున్నాను. అడగడానికి మొహమాటం. మర్నాడు జేబులోంచి డబ్బు పెట్టి మౌస్ కొనుక్కున్నాను. మనలో చాలామంది చేసేది ఇదే. మౌస్ కొనేసి ఆ పలకను మర్చిపోతాం.

కానీ మనం మర్చిపోయినా ఆ పలక మనల్ని మర్చిపోదు. సైగ మనకు తెలియకపోయినా ల్యాప్‌టాప్‌కు తెలుసు. పొరపాటున చేసినా అది పని చేసేస్తుంది. అందుకే ఈ సైగలు సరదా కోసం కాదు, కంగారు పడకుండా ఉండటానికైనా నేర్చుకోవాలి. వీటిని జెశ్చర్స్ అంటారు. టచ్‌ప్యాడ్, ట్రాక్‌ప్యాడ్ రెండూ ఒకటే. కంపెనీని బట్టి పేరు మారుతుంది, అంతే.

పలకకు వేలు ఎలా తెలుస్తుంది?

టచ్‌ప్యాడ్ పైపొర కింద సన్నటి తీగల వల లాంటిది ఉంటుంది. అందులో చాలా తక్కువ విద్యుత్ ఉంటుంది. మన శరీరం విద్యుత్తును మోసే గుణం ఉన్నది కాబట్టి, వేలు దగ్గరకు రాగానే ఆ చోట విద్యుత్ లెక్క కొంచెం మారుతుంది. ఎక్కడ మారిందో, ఎన్ని చోట్ల మారిందో, ఎటు కదిలిందో ల్యాప్‌టాప్ సెకనుకు ఎన్నోసార్లు చూసుకుంటుంది. ఒక చోట మారితే ఒక వేలు. మూడు చోట్ల మారితే మూడు వేళ్లు. అంటే ఈ పలక చూసేది మనం ఎంత గట్టిగా రుద్దామని కాదు, ఎన్ని వేళ్లు పెట్టాం, ఎటు జరిపాం అని.

ఇది తెలిస్తే కొన్ని చిన్న ఇబ్బందులకు కారణం దొరుకుతుంది. వుజూ చేసుకుని తడి చేతులతో వచ్చి ముట్టుకుంటే బాణం గుర్తు అటూ ఇటూ గెంతుతుంది. నీరు కూడా విద్యుత్తును మోస్తుంది, అందుకని పలకకు వేలేదో తడేదో తేడా తెలియదు. చేతులు తుడుచుకుంటే చాలు. మామూలు గ్లవ్స్ వేసుకున్నా, గోరు కొసతో తట్టినా అది పట్టించుకోదు. వేలి మెత్తటి భాగం తగలాలి. మెహెందీ రంగు వల్ల ఇబ్బందేమీ లేదు, ముద్ద ఆరి కడిగేసుకునే దాకా ఆగితే సరి.

నొప్పి నుంచి పుట్టిన పని

ల్యాప్‌టాప్‌లో ఈ పలకకు బాగా పేరు తెచ్చింది 1994లో ఆపిల్ తెచ్చిన పవర్‌బుక్ 500 సిరీస్. అంతకు ముందు ఆ కంపెనీ ల్యాప్‌టాప్‌లలో వేలితో దొర్లించే చిన్న బంతి ఉండేది. అప్పట్లో పలక మీద ఒక్క వేలి పనే.

చాలా వేళ్ల కథ వెనక ఒక చేతి నొప్పి ఉంది. అమెరికాలోని డెలావేర్ యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న వేన్ వెస్టర్‌మన్‌కు ఎక్కువగా టైప్ చేయడం వల్ల చేతుల నొప్పి పట్టుకుంది. గట్టిగా నొక్కక్కర్లేకుండా, మెత్తగా తాకితే పని చేసే పలక కావాలని అదే విషయం మీద పని చేశాడు. ప్రొఫెసర్ జాన్ ఎలియాస్‌తో కలిసి 1998లో ఫింగర్‌వర్క్స్ అనే కంపెనీ పెట్టాడు. 2005లో ఆపిల్ దాన్ని కొనేసింది. 2007లో ఐఫోన్ వచ్చింది, 2008లో మ్యాక్‌బుక్ ఎయిర్ టచ్‌ప్యాడ్ మీదికి చాలా వేళ్ల సైగలు వచ్చాయి. విండోస్ వైపు 2013లో విండోస్ 8.1తో "ప్రిసిషన్ టచ్‌ప్యాడ్" అనే పద్ధతి మొదలైంది. అంతకు ముందు ఒక్కో కంపెనీ ల్యాప్‌టాప్‌లో ఒక్కో తీరు. ఈ పద్ధతి వచ్చాక సైగలు చాలావరకు ఒకేలా అయ్యాయి.

వేళ్ల లెక్కన గుర్తుపెట్టుకోండి

ఇక అసలు విషయం. ఇవి విండోస్ 10, విండోస్ 11 ఉన్న, ప్రిసిషన్ టచ్‌ప్యాడ్ ఉన్న ల్యాప్‌టాప్‌లకు. ఒక చిన్న సూత్రం పెట్టుకుంటే బట్టీ పట్టక్కర్లేదు. ఒక వేలు ఒక వస్తువు కోసం. రెండు వేళ్లు ఒక పేజీ కోసం. మూడు వేళ్లు తెరిచిన కిటికీలన్నిటి కోసం. నాలుగు వేళ్లు మొత్తం టేబుల్ కోసం.

ఒక వేలు: జరిపితే బాణం కదులుతుంది. ఒకసారి మెల్లగా తడితే మామూలు క్లిక్. రెండుసార్లు తట్టి, రెండోసారి వేలు ఎత్తకుండా లాగితే వస్తువును పట్టి జరపొచ్చు, లేదా వాక్యాన్ని సెలెక్ట్ చేయొచ్చు. పలక కింది అంచును కటుక్కుమని నొక్కి పట్టుకుని, ఇంకో చేత్తో లాగే కష్టం అక్కర్లేదు.

రెండు వేళ్లు: కలిపి ఒకసారి తడితే రైట్ క్లిక్. నేను ఆ మొదటి రోజు వెతికింది ఇదే. రెండు వేళ్లు పైకీ కిందికీ జరిపితే పేజీ కదులుతుంది. పక్కకు జరిపితే వెడల్పాటి ఎక్సెల్ షీటు పక్కకు కదులుతుంది. బ్రౌజర్‌లో రెండు వేళ్లు కుడివైపు జరిపితే చాలాసార్లు వెనక పేజీకి వెళ్తుంది. ఆన్‌లైన్ ఫారం సగం నింపి ఉన్నప్పుడు దీనితో జాగ్రత్త. పొరపాటున వెనక్కి వెళ్తే నింపినవి పోవచ్చు.

రెండు వేళ్లు దూరంగా జరిపితే పేజీ పెద్దదవుతుంది, చిటికెడు ఉప్పు తీసినట్టు దగ్గరకు చేరిస్తే చిన్నదవుతుంది. మా అబ్బా కోసం నేను మొదట నేర్పింది ఇదే. ఆయన పొద్దున్నే ఉర్దూ ఇ-పేపర్ చదువుతారు. ఆ నస్తాలీక్ రాతలో చుక్కలు చిన్నగా ఉంటాయి. స్క్రీన్‌కు ముక్కు ఆనించి చదివేవారు. ఇప్పుడు రెండు వేళ్లతో పెద్దది చేసుకుని, అవే వేళ్లతో అటూ ఇటూ జరుపుకుని హాయిగా చదువుతున్నారు. ఫోన్‌లో ఫొటో పెద్దది చేయడం వచ్చిన ఎవరికైనా ఇది నిమిషంలో వస్తుంది.

మూడు వేళ్లు: పైకి జరిపితే తెరిచి ఉన్నవన్నీ చిన్న చిన్న బొమ్మల్లా పరుచుకుంటాయి. కావాల్సిన దాని మీద తట్టి లోపలికి వెళ్లొచ్చు. కిందికి జరిపితే అన్నీ దాక్కుని డెస్క్‌టాప్ కనిపిస్తుంది. ఆపా ఇంట్లో జరిగింది ఇదే. మళ్లీ పైకి జరిపితే తిరిగి వస్తాయి. ఎడమకూ కుడికీ జరిపితే ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకోదానికి మారుతుంది. బిల్లు ఒక కిటికీలో, ఎక్సెల్ ఇంకో కిటికీలో పెట్టుకుని పని చేసేవాళ్లకు దీనివల్ల చాలా టైమ్ కలిసొస్తుంది. మూడు వేళ్లతో తడితే సెర్చ్ తెరుచుకుంటుంది.

నాలుగు వేళ్లు: విండోస్‌లో ఒకటి కంటే ఎక్కువ డెస్క్‌టాప్‌లు పెట్టుకోవచ్చని చాలామందికి తెలియదు. విండోస్ కీ, కంట్రోల్, డి మూడూ కలిపి నొక్కితే కొత్త డెస్క్‌టాప్ వస్తుంది. ఒక దాంట్లో ఆఫీసు పని, ఇంకో దాంట్లో పిల్లల క్లాసు. నాలుగు వేళ్లు ఎడమకూ కుడికీ జరిపితే ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్తాం. నాలుగు వేళ్లతో తడితే నోటిఫికేషన్లు తెరుచుకుంటాయి.

మీ ల్యాప్‌టాప్‌లో ఉన్నాయా?

విండోస్ కీ, ఐ కలిపి నొక్కితే సెట్టింగ్స్ వస్తుంది. విండోస్ 11లో "బ్లూటూత్ అండ్ డివైజెస్", అందులో "టచ్‌ప్యాడ్". విండోస్ 10లో "డివైజెస్", అందులో "టచ్‌ప్యాడ్". అక్కడ మూడు వేళ్ల, నాలుగు వేళ్ల సైగల భాగాలు కనిపిస్తే మీది సరిపోతుంది. కనిపించకపోతే పాత రకం పలక అయి ఉండొచ్చు. వాటిలో కనీసం రెండు వేళ్ల స్క్రోల్ చాలావరకు పని చేస్తుంది. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనేవాళ్లు షాపులోనే కూర్చుని ఈ నాలుగు రకాలూ చేసి చూసుకోండి. బ్యాటరీ, కీబోర్డ్ చూస్తాం గానీ ఈ పలకను ఎవరూ చూడరు.

అదే పేజీలో కొన్ని మార్పులు చేసుకోవచ్చు. టైప్ చేస్తుంటే అరచేయి తగిలి బాణం ఎగిరిపోతోందా? సెన్సిటివిటీని "లో" మీద పెట్టండి. స్క్రోల్ తిరగబడినట్టు అనిపిస్తోందా? స్క్రోలింగ్ డైరెక్షన్ మార్చుకోండి. మూడు వేళ్లతో తట్టడాన్ని "మిడిల్ మౌస్ బటన్"గా మార్చుకుంటే, బ్రౌజర్‌లో లింక్ మీద అలా తట్టగానే అది కొత్త ట్యాబ్‌లో తెరుచుకుంటుంది. వార్తలు వెతికే నా పనిలో రోజుకు యాభైసార్లు వాడతాను.

ఇంట్లో పెద్దవాళ్లు వాడే ల్యాప్‌టాప్ అయితే, మూడు, నాలుగు వేళ్ల సైగలను "నథింగ్" మీద పెట్టేయండి. అప్పుడు ఏ వేలు తగిలినా ఏదీ మాయం కాదు. నేర్చుకున్నాక మళ్లీ ఆన్ చేసుకోవచ్చు.

మ్యాక్, క్రోమ్‌బుక్ ఉన్నవాళ్లకు

మ్యాక్‌బుక్‌లో రెండు వేళ్ల పనులు దాదాపు ఇవే. మూడు వేళ్లు పైకి జరిపితే తెరిచినవన్నీ కనిపిస్తాయి, పక్కలకు జరిపితే ఫుల్ స్క్రీన్ ప్రోగ్రామ్‌లు మారతాయి. బొటనవేలు, మూడు వేళ్లు కలిపి విప్పినట్టు చాపితే డెస్క్‌టాప్ వస్తుంది. పలక కుడి అంచు నుంచి రెండు వేళ్లు లోపలికి లాగితే నోటిఫికేషన్లు. తడితే క్లిక్ కావడం లేదంటే సిస్టమ్ సెట్టింగ్స్‌లో "ట్రాక్‌ప్యాడ్" తెరిచి "ట్యాప్ టు క్లిక్" ఆన్ చేయాలి. ఒక్కో సైగకు అక్కడే చిన్న వీడియో చూపిస్తుంది.

వేళ్ల నొప్పి ఉన్నవాళ్లకు మ్యాక్‌లో మూడు వేళ్లతో లాగే సౌకర్యం ఉంది, నొక్కి పట్టుకోనక్కర్లేదు. యాక్సెసిబిలిటీలో "పాయింటర్ కంట్రోల్", అందులో "ట్రాక్‌ప్యాడ్ ఆప్షన్స్" చూడండి.

స్కూళ్లలో వాడే క్రోమ్‌బుక్‌లలో రెండు వేళ్లతో తడితే రైట్ క్లిక్, మూడు వేళ్లు పైకి జరిపితే తెరిచినవన్నీ కనిపిస్తాయి, మూడు వేళ్లు పక్కలకు జరిపితే బ్రౌజర్ ట్యాబ్‌లు మారతాయి.

కంగారు పడే ముందు ఇవి చూడండి

స్క్రీన్ మీద అన్నీ మాయమయ్యాయా? మూడు వేళ్లు పైకి జరపండి. రాకపోతే ఆల్ట్ కీ పట్టుకుని ట్యాబ్ కీ నొక్కండి, తెరిచినవన్నీ వరుసగా కనిపిస్తాయి.

డెస్క్‌టాప్ ఉంది కానీ ఆల్ట్ ట్యాబ్‌లో మీ పని కనిపించడం లేదా? ఇంకో డెస్క్‌టాప్‌కు వెళ్లిపోయి ఉంటారు. నాలుగు వేళ్లు పక్కకు జరిపి చూడండి. లేదా విండోస్ కీ, ట్యాబ్ కలిపి నొక్కితే అన్ని డెస్క్‌టాప్‌లూ కనిపిస్తాయి.

అక్షరాలు ఒక్కసారిగా పెద్దవైపోయాయా? రెండు వేళ్లు దగ్గరకు చేర్చండి. ఎక్సెల్‌లో అయితే కింద కుడి మూల చూపించే శాతాన్ని 100కు తెచ్చుకోండి.

బాణం అసలు కదలడమే లేదా? చాలా ల్యాప్‌టాప్‌ల కీబోర్డ్ పై వరుసలో పలక బొమ్మ ఉన్న కీ ఒకటి ఉంటుంది. పొరపాటున అది నొక్కుకుని టచ్‌ప్యాడ్ ఆగిపోయి ఉండొచ్చు. మళ్లీ నొక్కండి. కొన్నిటిలో ఎఫ్ఎన్ కీ పట్టుకుని నొక్కాలి. రిపేర్ షాపుకు తీసుకెళ్లే ముందు ఇది చూసుకుంటే డబ్బు మిగులుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, పవర్ బటన్ జోలికి చివరి వరకూ పోవద్దు. ముందు కంట్రోల్, ఎస్ నొక్కి సేవ్ చేసే అలవాటు చేసుకోండి. ఇది సైగ కాదు గానీ అన్ని సైగల కంటే ఎక్కువ కాపాడుతుంది.

రోజుకు ఒకటి చాలు

ఒకేసారి పదీ నేర్చుకోవాలని కూర్చుంటే ఏదీ గుర్తుండదు. మొదటి రెండు రోజులు రెండు వేళ్ల రైట్ క్లిక్, స్క్రోల్. తర్వాత రెండు రోజులు చిటికెడు సైగ. తర్వాత మూడు వేళ్లు పైకి, కిందికి. వారం చివర్లో నాలుగు వేళ్లు. మెత్తగా తాకండి, గట్టిగా నొక్కడం వల్ల పని ఎక్కువ జరగదు, వేళ్లు నొప్పి పుడతాయి అంతే. గంటలకొద్దీ పని ఉన్న రోజు మౌస్, టచ్‌ప్యాడ్ మార్చి మార్చి వాడితే ఒకే చోట భారం పడదు. నొప్పి, తిమ్మిరి తగ్గకుండా ఉంటే డాక్టర్‌కు చూపించుకోండి.

ఇంకో మాట. మన ఇళ్లలో ఒక్క ల్యాప్‌టాప్‌ను నలుగురు వాడతారు. కొత్తది వచ్చినప్పుడు పిల్లలు చకచకా నేర్చుకుంటారు, అమ్మీకో ఆపాకో ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. అడిగితే "ఇది కూడా తెలియదా" అని నవ్వుతాం. ఆ నవ్వుకు జంకే చాలామంది అడగడం మానేస్తారు. పది నిమిషాలు పక్కన కూర్చుని చూపిస్తే వాళ్ల పని వాళ్లు చేసుకుంటారు.

తర్వాతి నెల 20వ తేదీన ఆపా మళ్లీ ఫోన్ చేసింది. నేను భయపడుతూనే ఎత్తాను. రిటర్నులన్నీ మధ్యాహ్నమే వేసేసిందట. మధ్యలో ఒకసారి స్క్రీన్ మళ్లీ ఖాళీ అయిందట. "పైకి జరిపాను, వచ్చేశాయి" అంది. ఇప్పుడు ఒక డెస్క్‌టాప్‌లో షాపుల లెక్కలు, ఇంకో దాంట్లో పాప హోంవర్క్ పెట్టుకుంటోంది. ఫోన్ చేసింది నన్ను అడగడానికి కాదు. పక్కింటి భాభీకి కొత్త ల్యాప్‌టాప్ వచ్చిందట, ఆమెకు ముందు ఏది నేర్పాలి అని.

రైట్ క్లిక్ నేర్పమని చెప్పాను.